గట్టిగా చదువుతున్న పిల్ల

"పిల్ల స్కూలు గేటు దగ్గర ఏడుస్తూ నిలబడితే, మీకు ఫోన్లో కబుర్లే ఎక్కువైపోయాయా?" వంటగదిలోంచి అమ్మ అరిచింది.

"ఒక్కరోజు ఆలస్యమైతే కొంపలేం మునిగిపోలేదు!" నాన్న అంతకు రెండింతలు అరిచాడు.

పక్కగదిలో పెద్దమ్మాయి చెల్లికి ఏనుగుపిల్ల కథ చదువుతోంది. అమ్మానాన్నల గొంతులు పెరిగేకొద్దీ తన గొంతూ పెంచుతోంది.

నాన్న విసురుగా లోపలికొచ్చాడు. "చెవులు చిల్లులు పడుతున్నాయి. మెల్లగా చదవలేవూ?"

గొంతు బొంగురుపోయినా ఆ పిల్ల ఆపలేదు. నాన్న పుస్తకం లాగేసుకున్నాడు.

వెంటనే తను రెండు చేతులతో చెల్లి చెవులు మూసేసింది.

"ఇచ్చెయ్ నాన్నా. నేను ఆపితే దీనికి మీ మాటలు వినిపిస్తాయి. ఇంక రాత్రంతా పడుకోదు."

గుమ్మంలోకి వచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది.

"అయిపోయిందమ్మా. ఇంక అరుచుకోం," అన్నాడు చివరికి నాన్న.

"నిజంగానా?" ఆ పిల్ల అమ్మని అడిగింది.

అమ్మ తలూపింది. నాన్న చేతిలో పుస్తకం తీసుకుని మంచం మీద కూర్చుంది.

"ఎక్కడిదాకా వచ్చారే?" అంది మెల్లగా.

అక్క చెల్లి చెవుల మీంచి ముందు ఒక చెయ్యే తీసింది.