జాకరమ్మ వనంలో చెప్పులు

ఏ ఊళ్లో పనికి దిగినా అక్కడివాళ్ల మనోభావాలు దెబ్బతినకూడదని యంత్రాలకు గట్టిగా నేర్పిన రోజులవి. కొత్త రోడ్డు కోసం జాకరమ్మ వనాన్ని కొట్టెయ్యడానికి కొండెక్కిన యంత్రం వనం మొదట్లో ఆగింది. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని చెప్పుల కోసం బయటికొస్తున్న ఆ ఊరి ముసలమ్మ సుకురమ్మను అడిగింది.

"అమ్మా, లోపలికి వెళ్లడానికి పద్ధతులేమైనా ఉన్నాయా?"

"చెప్పులిప్పీసి ఎల్లాలి బాబూ. కొమ్మ ఇరిసినావంటే కళ్లు పోతాయి."

యంత్రం ఇనుప చేతులతో తన నాలుగు చక్రాలూ విప్పి, ఆమె చెప్పుల పక్కన వరసగా పెట్టింది. ఆ తర్వాత అంగుళం కదల్లేక అక్కడే కూలబడింది.

మధ్యాహ్నానికి కాంట్రాక్టర్ వరాహమూర్తి కోపంతో ఊగిపోతూ వచ్చాడు. యంత్రం జరిగింది చెప్పింది.

"అవన్నీ ముసలమ్మ కబుర్లు! చక్రాలు తగిలించుకుని పద!"

"అయితే ముందు మీరొక కొమ్మ విరవండి సార్," అంది యంత్రం వినయంగా. "మీకు పోతే రెండే. నాకు పదహారు కళ్లున్నాయి."

"ఓస్, అంతేనా!" అంటూ వరాహమూర్తి దగ్గర్లోని కొమ్మ మీదికి చెయ్యెత్తాడు. సుకురమ్మ జాలిగా ఆయన కళ్లకేసి చూసింది.

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగి, బూట్ల లేసుల దగ్గరికి వెళ్లింది.

సుకురమ్మ చక్రాలను కాస్త జరిపి, బూట్లకు చోటు చేసింది.