తాబేళ్ల మంకుపట్టు

“ఆ డబ్బా కింద పెట్టండి.”

పెంపుడు జంతువుల షాపులో వెనకనుంచి వినిపించిన గొంతుకి ఇస్త్రీ మనిషి ఉలిక్కిపడ్డాడు. అతని చేతిలో ఉన్నది ఎండు రొయ్యల డబ్బా.

“మీరెవరు? ఈ షాపు వాళ్లా?”

“కాదండీ. మీ తాబేళ్లు చిన్నపిల్లలా?”

“అయితే?”

“పెంకు మెత్తబడిందా?”

ఇస్త్రీ మనిషి డబ్బాతో కౌంటరు వైపు తిరిగాడు. పొద్దుటినుంచీ హోటల్ లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చాడు. దారినపోయే వాడితో వాదించే ఓపిక లేదు.

“ఉత్త రొయ్యలే పెడితే అంతేనండీ. చిన్నప్పుడు నేనూ అలాగే రెండింటిని పొట్టన పెట్టుకున్నాను.”

ఆ మాట ఇస్త్రీ మనిషికి గుచ్చుకుంది.

విడాకుల తర్వాత అతనికి మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ రోజు కూతురు వస్తుంది. మొదట్లో వచ్చి తలుపు పక్కనే కూర్చునేది. బూట్లు కూడా విప్పేది కాదు. “అమ్మ ఎప్పుడొస్తుంది?” అని గడియారం చూసేది.

సీసా మూతంత తాబేలు పిల్లలు రెండు కొని తెచ్చాడు. పిల్ల వాటికి గుండు, బొత్తాం అని పేర్లు పెట్టింది. బూట్లు విప్పింది. గడియారం మర్చిపోయింది.

మొన్న ఆదివారం బొత్తాం పెంకు మీద వేలు పెట్టి నొక్కి చూసింది.

“నాన్నా, ఇది చచ్చిపోతుందా?”

చచ్చిపోతే ఈ ఇరుకు గదికి కూతురు ఇంక దేనికొస్తుంది? అప్పట్నుంచీ అతనికి నిద్ర లేదు.

డబ్బా కింద పెట్టేశాడు.

తాబేళ్లని ఒకసారి చూస్తానని ఆ మనిషి ఆ సాయంత్రమే ఇంటికొచ్చాడు. ఒక సంచిలో లేత ఆకులు, క్యారెట్, తాబేళ్ల మేత గుళికల ప్యాకెట్, సుద్దముక్క లాంటి కాల్షియం బిళ్ల తెచ్చాడు. అద్దాల తొట్టి మూసి ఉన్న కిటికీ పక్కన మూల ఉండటం చూసి పెదవి విరిచాడు.

“రోజూ కాసేపు ఎండ తగలాలండీ. అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు. కిటికీ తెరవండి.”

ఆకులు సన్నగా తరిగి నీళ్లలో వేశాడు. బొత్తాం వచ్చింది, వాసన చూసింది, మొహం తిప్పుకుంది. గుండయితే తలే బయట పెట్టలేదు.

“చూశారా, తినవు.” ఇస్త్రీ మనిషి చెయ్యి అలవాటుగా అలమరలోని పాత డబ్బా మీదికి పోయింది.

“ఆగండి! రోజుకెన్నిసార్లు పెడుతున్నారు?”

“డ్యూటీకి వెళ్లేముందు, వచ్చాక. మధ్యలో చూసినప్పుడల్లా. అద్దానికి మూతి ఆనించి అలా చూస్తుంటే మనిషన్నవాడు ఎలా ఊరుకుంటాడండీ?”

“అది ఆకలి కాదు, అలవాటు. పిల్లలు మారాం చేసినప్పుడల్లా మిఠాయి పెడతామా?”

“నేను పెడతాను. వారానికోసారే కదా వచ్చేది.”

ఆ మనిషి తల వంచుకుని మిగిలిన ఆకులు సంచిలో సర్దాడు.

తాబేళ్లు మంకుపట్టు పట్టాయి. ఆ మనిషి వాటిని మించిన మొండి. రోజూ సాయంత్రం సంచీతో దిగేవాడు. ఇస్త్రీ మనిషి అతనికి ఆకుల మాస్టారని పేరు పెట్టాడు.

“ఏం మాస్టారూ, మీ ఆకులు నన్నే తినమంటారా ఏంటి?”

“మీరు తింటే అసూయతోనైనా తింటాయేమో, కానివ్వండి.”

ఎన్నాళ్లకో ఇస్త్రీ మనిషి నవ్వాడు.

ఒకరోజు బొత్తాం ఆకు అంచు కొరికింది. ఉమ్మేసింది. మళ్లీ కొరికింది. ఇద్దరు మగాళ్లూ ఊపిరి బిగబట్టి చూశారు. తర్వాత గుండు కూడా దిగొచ్చింది.

“గుళికలు దాని తలకాయంత పెట్టండి, అంతకు మించొద్దు. ఆకులు ఎన్ని తిన్నా పర్లేదు. రొయ్య మాత్రం ఎప్పుడైనా ఒకటి, పండగలా.”

“ఆదివారం రండి మాస్టారూ, మా అమ్మాయిని చూద్దురు.”

“ఆదివారాలు నాకు కుదరదండీ.”

కొన్ని వారాలకు పెంకులు గట్టిపడ్డాయి. ఒక శనివారం ఆకులు తరుగుతూ మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

“మీకో మాట చెప్పాలండీ. ఎలా చెప్పాలో తెలీక...”

“చెప్పండి. ఈ ఊళ్లో నాతో మాట్లాడేదే మీరొక్కరు.” ఇస్త్రీ మనిషి వాచిన కాళ్లు స్టూలు మీదికి చాపాడు. అలసటలో అతని నోరు దానంతటదే తెరుచుకుంది. “మా అమ్మాయి వాళ్లమ్మ ఎవణ్ణో మళ్లీ పెళ్లి చేసుకుంది. వాడి మొహం నేను చూడలేదు, చూడను. పిల్లని దింపే వాడి కారు సందు మొదట్లోనే ఆపాలని షరతు పెట్టాను. నా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతాను. నా పిల్లని నాక్కాకుండా చేస్తున్నాడు మాస్టారూ, వాడు.”

కత్తి ఆగింది. తర్వాత నెమ్మదిగా మిగతా ఆకులు తరిగింది.

“ఏదో చెప్పాలన్నారు?”

“ఏం లేదండీ. ఇంక నేను రానక్కర్లేదు. మీకు వచ్చేసిందిగా.”

“అదేంటి మాస్టారూ, అంత మాటన్నారు?”

ఆయన చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు కూతురు వచ్చింది. బొత్తాం పెంకు నొక్కి చూసి కేక పెట్టింది. రోజంతా తొట్టి దగ్గరే బోర్లా పడుకుంది. సాయంత్రం హారన్ వినపడగానే, “వచ్చేవారం పొద్దున్నే వచ్చేస్తా నాన్నా!” అంటూ పరిగెత్తింది.

స్వెటర్ కుర్చీ మీదే ఉండిపోయింది. దాన్ని పట్టుకుని ఇస్త్రీ మనిషి మెట్లు దిగాడు. పిల్ల చలికి వణుకుతుందన్న ధ్యాసే తప్ప, షరతు అతనికి గుర్తు లేదు.

సందు మొదట్లో కారు తలుపు తెరిచి పిల్లని ఎక్కించి, తన మొహం ఇటు కనపడకూడదన్నట్టు తల వంచుకుని నిలబడ్డవాడు ఆకుల మాస్టారే.