కప్పాకు పెట్టిన నవ్వు

"కొహరూ, ఆగక్కడే! ఇంకో అడుగు వేశావంటే చూడు!"

చిజురు గట్టు మీంచి గొంతు చించుకుంది. కూతురు నడుంలోతు ఏటిలో, కీరదోసకాయ చాచి పట్టుకుని మడుగుకేసి పోతోంది.

"కప్పాకి పెడుతున్నానమ్మా! నీ ఆటలో చేత్తో పెడితేనే కదా నేస్తమయ్యేది!"

సెల్‌ఫోను ఆటలో ఆ ఏటిభూతానికి బొమ్మ గీసింది చిజురే. తాబేలు చిప్ప, కోతి మొహం, దాని మీద ముద్దొచ్చే నవ్వు.

పక్కనే ఉన్న చిజురు బామ్మ తోమె కూడా కేకేసింది. "కాయ గట్టు మీంచి విసరాలే పిచ్చిదానా! దిగి ఇస్తారటే ఎవరైనా?" అని, చిజురు వైపు తిరిగింది. "నిన్ను భయపెట్టి పెంచాను గనక బతికావు. నువ్వేమో దానికి నవ్వు పెట్టావు!"

చిజురు గట్టు దిగబోయి ఆగింది. తను దిగి చేరుకునేలోగా పిల్ల మడుగులో ఉంటుంది. చిన్నప్పుడు బామ్మ అన్న మాటే నోటికొచ్చింది.

"అది నేస్తం కాదే! కాళ్లు పట్టి లాగి పేగులు తోడేస్తుంది!"

కాయ వదిలేసి, కెవ్వుమంటూ కొహరు ఒడ్డుకొచ్చి తల్లిని చుట్టేసింది. పిల్ల ఒంట్లో ఆ వణుకు తగిలాకే చిజురుకు ఊపిరాడింది.

"మరి నువ్వు అబద్ధం బొమ్మ గీశావా అమ్మా?"

"అవును తల్లీ. పళ్లు గీయడం మరిచిపోయాను."