గేరుబాక్సులో నీళ్ళు

"మళ్ళా అదే కథ మునిచంద్రా! రెండో గేరులోనే అరస్తా వచ్చింది. మూడో గేరు పడనే లేదు."

కారు దిగుతూనే అన్నాడు సుందరరాజు. మునిచంద్ర చేతిలోని స్పానర్ కింద పెట్టేశాడు. నెలన్నరలో ఆ కారు పుత్తూరులోని అతని షెడ్డుకు రావడం ఇది నాలుగోసారి.

వెనక సీట్లో సుందరరాజు భార్య ఆనందమ్మ పడుకుని ఉంది. ఆమెకు రెండు కిడ్నీలూ పనిచేయవు. సోమవారం, శుక్రవారం కార్వేటినగరం నుంచి తిరుపతి వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. ఒక్కరోజు తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరాడదు. బస్సులో కూర్చోలేదు. ఒకసారి ఆటోలో తీసుకెళ్తే వడమాలపేట దాటకముందే స్పృహ తప్పింది.

సుందరరాజుకు ఎడమ మోకాలు వంగదు. క్లచ్ తొక్కలేడు. అందుకే ఇరవై ఏళ్ళనాటి ఈ ఆటోమేటిక్ కారును వెతికి వెతికి కొన్నాడు. ఇందులో క్లచ్ ఉండదు, గేర్లు వాటంతట అవే పడతాయి. పడాలి. పడకపోతే ఇదిగో, ఇదీ బతుకు.

మొదటిసారి వచ్చినప్పుడు గేరు ఆయిల్ కాలిపోయి డికాషన్‌లా ఉంది. మునిచంద్ర నవ్వాడు.

"ఎన్నేండ్లయిందో అన్నా ఇది మార్చి!" అని కొత్త ఎర్ర ఆయిల్ పోశాడు. ఫిల్టర్ మార్చాడు. ఆయిల్ ఎంతుందో కొలిచే పుల్లను గొట్టంలోంచి లాగి చూపించాడు. "వారానికోసారి ఇది తీసి సూస్తా ఉండు. ఎర్రగా ఉంటే నీ బండికి ఢోకా లేదు."

కారు బుద్ధిగా రెండు వారాలు తిరిగింది. తర్వాత మళ్ళీ మొండికేసింది. పుల్ల తీసి చూస్తే ఆయిల్ రోజ్ మిల్క్ రంగులో ఉంది.

అంటే నీళ్ళు కలిశాయి. పాత బండ్లలో గేరు ఆయిల్ రేడియేటర్ గుండా వెళ్ళి చల్లబడుతుంది. లోపల చిల్లి పడితే అక్కడి నీళ్ళు ఇందులోకి వస్తాయి. మునిచంద్ర రేడియేటరే మార్చేశాడు. పాత ఆయిలంతా దించి, మూడుసార్లు కడిగి, కొత్తది పోశాడు.

రెండు వారాలకు మళ్ళీ రోజ్ మిల్క్!

ఈసారి అతనికి రోషం వచ్చింది. పుత్తూరు నుంచి నగరి దాకా గేరుబాక్సు అంటే మునిచంద్ర పేరే చెబుతారు మరి. ఆయిల్‌కూ రేడియేటర్‌కూ ఉన్న సంబంధమే తెంచేశాడు. ముందువైపు ఆయిల్‌ను చల్లబరిచే వేరే కూలర్ బిగించాడు.

"ఇంక నీళ్ళు లోపలికి పోవాలంటే నన్ను అడిగి పోవాల!" అన్నాడు.

నీళ్ళు అతన్ని అడగలేదు. ఇప్పుడు మునిచంద్ర పుల్ల తీసి, మళ్ళీ అదే రంగు చూసి, అక్కడే టైరు మీద కూలబడ్డాడు.

"వాగులో యాడన్నా దించినావా అన్నా?"

"ఈ ఎండలకు వాగుల్లో నీళ్ళు యాడుండాయప్పా!"

"పైపు పెట్టి ఇంజన్ కడిగించినావా?"

"గుడ్డతో తుడస్తాను. అంతే."

"గిట్టనోళ్ళు ఎవరైనా పోసినారేమో."

"కారు తాళం నా మొలతాడుకే ఉండాది."

పెద్దమనిషిని అడగకూడని మాటే. అయినా మునిచంద్ర అడిగాడు.

"తెలీక నువ్వే ఏమన్నా నీళ్ళు..."

"నేనా?" సుందరరాజు వెనక సీటు వైపు చెయ్యి చాపాడు. "ఆనందమ్మ మీద ఒట్టు. చుక్క నీళ్ళు పొయ్యలేదు."

ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి. ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇచ్చి ఎరగడు. అలాంటివాడు భార్య మీద అబద్ధపు ఒట్టు వేస్తాడా? మునిచంద్ర నమ్మాడు. నమ్మేసరికి ఇంకా దిగులు వేసింది.

"లోపల గేర్లను పట్టే ప్లేట్లు నానిపోయినాయన్నా. ఇంక ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా గేరు పడదు. మద్రాసులో అడిగినా, బెంగళూరులో అడిగినా ఈ మోడల్ గేరుబాక్సు లేదంటా ఉండారు."

వెనక సీట్లోంచి ఆనందమ్మ నీరసంగా నవ్వింది. "దానికీ నాకూ ఒకటే జబ్బు నాయనా. ఒళ్ళంతా నీళ్ళే. ఇంక ఇద్దర్నీ వదిలేయండి."

"నోరు మూసుకో!" అని కసిరి, సుందరరాజు అటు తిరిగి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

పదిన్నరకు ఆమె వంతు. అది తప్పితే సోమవారం దాకా మిషన్ ఖాళీ ఉండదు. మునిచంద్ర తన వ్యాన్ తెచ్చాడు. ఇద్దరూ పట్టుకుని ఆమెను అందులో పడుకోబెట్టారు. ఉబ్బిన పాదాల కింద దిండు పెట్టారు.

"ఈ పొద్దుకు నేను దింపుతా. సోమవారం సంగతి ఏంది అన్నా?"

సుందరరాజు షెడ్డు ముందు నిలబడిపోయిన కారునే చూస్తున్నాడు.

మునిచంద్ర రెండు చేతులూ జోడించాడు. "నాకు తెలిసిన విద్యంతా అయిపోయింది. నన్ను క్షమించన్నా. ఇంక ఆ అమ్మవారే దిక్కు."

"ఆ యమ్మను మాత్రం వదిలినానా అప్పా? నువ్వు ఆ పుల్ల గొట్టం సూపించిన కాణ్ణించి, ఈమె మిషన్ మీదుండే నాలుగు గంటల్లో ప్రతి శుక్రవారం తిరుచానూరు పోయి, అమ్మవారి తీర్థం సీసాకు పట్టుకొచ్చి, దండం పెట్టుకోని అందులోనే పోస్తా ఉండాను గదా!"