చప్పుడు లేని డిఫరెన్షియల్

"చప్పుడు రావద్దు ఆంటీ. ఎంత మంచి డిఫరెన్షియలైనా సరే, చప్పుడైతే నాకొద్దు."

ప్రసన్నలక్ష్మి చేతిలోని స్పానర్‌ను ఠక్కున బల్ల మీద పెట్టింది. గ్లాస్గో పొలిమేరలోని ఆమె గ్యారేజీకి, చక్రాలకు బలం పంచే ఈ డిఫరెన్షియల్ కోసం వచ్చేవాళ్లు బురదలో బండి ఆగకూడదంటారు, రాళ్ల మీద జారకూడదంటారు. చప్పుడు కాకూడదన్నవాడు మాత్రం ఈ సుహాస్ ఒక్కడే. అదీ, సరిగ్గా ఈ వారంలోనే!

పోయిన వారం కొండ మీది రైతు డంకన్ పొట్టేలును ఎవరో ఎత్తుకుపోయారు. మామూలు పొట్టేలా అది, పోటీల్లో కప్పులు గెలిచింది! దొంగబండి మలుపు తిరుగుతుంటే కింద టకటకమని చప్పుడైందని డంకన్ పోలీసులకు చెప్పాడు. అలా చప్పుడు చేసే, రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఆటోమేటిక్ లాకర్‌ను ఈ చుట్టుపక్కల బిగించేది ప్రసన్నలక్ష్మి ఒక్కతే. ఇంకేముంది, పోలీసులు గ్యారేజీకి వచ్చివెళ్లారు, రైతులు రావడం మానేశారు. ఆ దొంగ దొరక్కపోతే ఆమె షట్టర్ దించేసి ఇంట్లో కూర్చోవాల్సిందే.

"ఎక్కడికి పోతవ్ ఈ బండేసుకొని?" అని అడిగింది.

"కొండెక్కాలె ఆంటీ. అంత తడి గడ్డి. నిన్న పోతే వెనక చక్రం ఒకటి బురదల ఉత్తగనే తిరిగింది, ఇంకోటి కదలనే లేదు."

"మామూలు డిఫరెన్షియల్ గంతే. ఏ చక్రం జారితే బలమంత దానికే ఇస్తది. ఎయిర్ లాకర్ పెడ్త. స్విచ్ నొక్కితే రెండు చక్రాలు ఒక్కటిగ తిరుగుతయ్. గోడైనా ఎక్కుతది."

"దానికి గాలి కొట్టే కంప్రెసర్ ఉంటది కద? బుర్రుమంటది."

"పోనీ, ఆటోమేటిక్ లాకర్?" కావాలనే అడిగింది.

సుహాస్ ముఖం పాలిపోయింది. "వద్దొద్దు! అది టకటకమంటది."

అమ్మ దొంగా! నీ అంతట నువ్వే వచ్చి దొరికినవా? అనుకుంది ప్రసన్నలక్ష్మి.

మూల నుంచి ఆమె భర్త రాజారావు గొంతు వినిపించింది. కెటిల్ దగ్గర నిలబడి చాయ్ పెడుతున్నాడు. "పిలగాడు అడిగింది బిగించి పంపరాదే. గిరాకీ లేక సస్తుంటే పోలీసోల్ల లెక్క ఏందా ప్రశ్నలు?"

"మీరు నోరు మూసుకొని కూసోన్రి," అని కసిరి మళ్లీ సుహాస్ వైపు తిరిగింది. "ఇంకో రకముంది. ఒట్టి గేర్లతోనే పనిచేస్తది. చప్పుడుండదు, కుదుపుండదు. కాని ఒక చక్రం గాల్లకు లేస్తే చేతులెత్తేస్తది. అప్పుడు బ్రేక్ మీద కొంచెం కాలు పెట్టాలె."

"కుదుపు కూడ ఉండదా?" వాడికి ప్రాణం లేచొచ్చినట్టయింది. "అయితే అదే బిగించున్రి ఆంటీ. ఇయ్యాలనే."

"గంత తొందరేంది? ఎప్పుడు పోతవ్?"

"రేపు తెల్లారకముందే."

"కొండ ఎవరిది?"

సుహాస్ వంగి టైరుకు అంటిన బురద గీకసాగాడు.

"వాళ్లకు చెప్పినవా?"

"వాళ్లకు తెల్వద్దు ఆంటీ."

ఇక ఆగలేదు. వెళ్లి షట్టర్ దించేసి, దాని ముందే నిలబడి ఫోన్ తీసింది. సుహాస్ ఎటూ కదల్లేక బండికి ఆనుకుని నిలబడిపోయాడు.

"ఏయ్, పోలీసులకా?" రాజారావు చాయ్ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "చెయ్యకే! పిలగాని బతుకు ఆగమైతది."

"మరి నా బతుకు? అది ఆగమైతలేదా?" అంటూ మొగుణ్ణి పక్కకు తోసింది. "చెప్పురా! ఇంకేం మిగిలిందని పోతున్నవ్ ఆ కొండ మీద? ఖాళీ బండితోని ఎక్కి, ఈసారి ఏమేసుకొని దిగుదామని?"

"కాదాంటీ," అన్నాడు సుహాస్ ఏడుపు గొంతుతో. "బరువుతోనే ఎక్కుత. ఖాళీగ దిగుత."

నంబరు నొక్కబోయిన వేలు ఆగిపోయింది. ఏ దొంగైనా కొండ మీదికి బరువు మోసుకెళ్తాడా?

"ఏం బరువు?"

"పొట్టేలు. డంకన్ పొట్టేలే. మా ఇంటెనక కట్టేసి ఉన్నది. దసరా దావత్‌కు కొన్నమని చెప్పి, నన్ను మేపమన్నరు. నేను నమ్మిన. మొన్న ఫేస్‌బుక్‌ల దాని ఫొటో చూస్తే నా కాళ్లుచేతులు ఆడలే ఆంటీ. డంకన్ లేవకముందే తీస్కపోయి దాని దొడ్లనే ఇడిసిపెడదామని..."

ప్రసన్నలక్ష్మి స్టూలు మీద కూలబడింది. ఎంత మాట అనబోయింది ఈ పిల్లవాణ్ణి! నవ్వు, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"సచ్చినోడా, ముందే చెప్పరాదు! ఉత్త పుణ్యానికి నా పానం తీసినవ్." కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "బిగిస్త. నాకు నువ్వేమియ్యకు. కాని, నీ ఇంట్ల కట్టేసినోడెవడో చెప్పు చాలు. పోలీసులకు పట్టిచ్చి నా షాపు నిలబెట్టుకుంట."

"పట్టిస్తే మీ షాపే పోతది ఆంటీ."

"నా షాపెందుకు పోతదిరా? టకటకమన్న ఆ దొంగబండి ఎవనిది?"

సుహాస్ తల దించుకున్నాడు.

"మీదే ఆంటీ. తోలింది అంకుల్."