నీలం కాగితం

ఒక గాజుతొట్టిలో మినుకు అనే చిన్న చేప ఉండేది. తొట్టి వెనక కిటికీలో ఎప్పుడూ ఒక పిల్లి కూర్చునేది. దాని కళ్లకు జడిసి మినుకు మేతకైనా రాక, రాయి చాటునే చిక్కి సగమైపోయింది.

ఒకరోజు ఇంటావిడ వెనక అద్దానికి పసుపు కాగితం ఆనించి చూసింది. తొట్టిలోని బంగారు చేపలు ఆ రంగులో కలిసిపోయాయి. దాన్ని తీసేసి, ముదురు నీలం కాగితాన్ని ముడత పడకుండా అతికించింది. పిల్లి కనుమరుగైంది.

మినుకు మెల్లగా బయటికొచ్చింది. ఆ నీలం ముందు తోటి చేపలు నిప్పురవ్వల్లా వెలుగుతున్నాయి. తన రెక్కలు చూసుకుని నోరు తెరిచి, వెనక అద్దం మీద పాకుతున్న నత్త వైపు తిరిగింది.

"నత్తమామా, నా ఒంట్లో ఇంత వెండి ఉందా!"

"అది వట్టి కాగితం పిల్లా! పిల్లి దాని వెనకే ఉంది," అన్నాడు నత్తమామ.

"ఉండనీ మామా. ఒక్కసారి తల తిప్పి నీ గుల్ల చూసుకో."

నత్తమామ చూసుకున్నాడు. గుల్ల ముత్యంలా మెరుస్తోంది; ఆ రోజంతా అతను ఆ నీలం ముందే అటూ ఇటూ పాకాడు.