ఇది నకలు కాదు

గోదావరిఖనిలో జరిగిన ఫొటోల పోటీలో జడ్జిగారు నా ఫొటోను గోడ మీంచి దించేశారు.

"పూలమ్మ తన క్వార్టరు గోడమీద బొగ్గుతో గీసుకున్న మొగుడి బొమ్మకు ఇది నకలు. ఇందులో నీ కళ ఎక్కడయ్యా?"

బి.ఏ. చదివిన గొంతును శాయశక్తులా గంభీరం చేశాను. "అయ్యా, బొమ్మ ఆమెది, ఏటవాలు ఎండ నాది. ఆ వెలుగు కోసం పొద్దుగూకేదాకా తపస్సు చేశాను. ఇది నకలే అయితే నా డబ్బా కెమెరాను గోదావరిలో కలిపేస్తాను. కావాలంటే పూలమ్మనే పిలిపించండి!"

పూలమ్మ వచ్చింది. ఫొటోను దగ్గరగా చూసి నామీద విరుచుకుపడింది.

"ఏంది పిలగా ఇది? నేను గీసింది ఇది గాదు. నా బొమ్మల మా ఆయన నవ్వుతడు. నువ్వు గోడ పగుళ్లన్ని కన్నీళ్ల లెక్క జేసి ఏడిపిచ్చినవ్ గదరా!"

"విన్నారా, నకలు కాదట!" అని ఎగిరి గంతేశాను. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర మానుకుని వచ్చిన గని కార్మికులు ఈలలు వేశారు. జడ్జిగారు ఫొటోను మళ్లీ గోడకు తగిలించి, మొదటి బహుమతి కప్పు నా చేతికిచ్చారు.

పూలమ్మ మాత్రం నా చొక్కా వదల్లేదు.

"ఆ కప్పు అవతల పెట్టు. ఎండ గోడకు ఎదురుగున్నప్పుడే జల్ది వచ్చి ఉన్నదున్నట్టు తియ్యి. రేపు ఆ గోడకు సున్నమేస్తరట. బొగ్గుబాయిల బండ కింద పోయినోనికి ఇంకో ఫొటో యాడిది? ఏడుసుడు నేను ఏడుస్తగని, ఆయన నవ్వాలె."